పసుపు గుడ్డలో మైనం ముక్క

మా అమ్మ చిలకమ్మకి డాక్టర్ల మీద సగం నమ్మకం, నది మీద నిండా నమ్మకం. అందుకు కారణం మా నాన్న వేళ్ళు.

నాన్న తవిటయ్య టాటానగర్ యార్డులో షంటింగ్ పని చేసేవాడు. నా చిన్నప్పుడు ఒక వానాకాలం పొద్దున వేగన్లు కలుపుతుండగా ఆయన కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. ఆసుపత్రిలో వాటిని తీసేసి, చేతికి కట్టు కట్టి, తీసిన వేళ్ళని గుడ్డలో చుట్టి అమ్మ చేతికే ఇచ్చారు. అమ్మ ఏడవలేదు. ఇంటికి తెచ్చి వాటికి పసుపు రాసింది. పసుపు గుడ్డలో మూటగట్టింది. తేలి తిరిగి రాకుండా ఒక రాయి కూడా కట్టి, ఖర్కాయి నదిలో వదిలి, తలస్నానం చేసి వచ్చింది. ఒంట్లోంచి వేరైనదాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు, చెత్తలో పారేయకూడదు, అయినవాళ్ళే సాగనంపాలి. శ్రీకాకుళం వైపు నుంచి వస్తూ మా తాతలు పెట్టెల్లో ఏం తెచ్చుకున్నారో నాకు తెలీదుగానీ ఈ పద్ధతి మాత్రం తెచ్చుకున్నారు.

నాన్న చెయ్యి చీము పట్టకుండా మానిపోయింది. మిగిలిన వేళ్ళ మధ్యే బీడీ ఇరికించుకుని రిటైరయ్యేదాకా పని చేశాడు. వెనక లైను క్వార్టర్లో ఉండే సీతారామరావు గారికి కాలు తీసేస్తే ఆ కాలుని ఆసుపత్రివాళ్ళే ఎక్కడో పడేశారట. ఆయన ఆ ఏడాది దాటలేదు. అమ్మకి ఇంక వేరే రుజువులు అక్కర్లేకపోయింది.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత జరిగింది విని మా అమ్మని మొద్దు మనిషి అనుకునేవాళ్ళు ఉంటారు. కోపం వచ్చినప్పుడు నేనూ అనుకున్నాను. నేను అనుకోవచ్చు, ఇంకొకరు అంటే మాత్రం ఊరుకోను.

నేను సిద్ధగోరాలో ఉంటాను, ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నా నోటికి తాళం లేదని మా వీధిలో పేరు. నా తమ్ముడు హరికిరణ్ నాకు పూర్తిగా వ్యతిరేకం, పది మాటలు అడిగితే ఒకటి బయటికి వస్తుంది. వాడిది వేగన్లు తనిఖీ చేసే ఉద్యోగం. బాగ్‌బేరాలో రైల్వే క్వార్టరు, అమ్మ వాడి దగ్గరే. వాడి భార్య ప్రసన్న ఖరగ్‌పూర్ పిల్ల, రైల్వేవాళ్ళమ్మాయే. పెళ్ళై వచ్చిన రోజు నుంచి మా అమ్మ ఆ పిల్లని కొంగున కట్టుకుంది. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే కంచంలో చద్దన్నం కలుపుకుని, ఒకే ఉల్లిపాయ చెరిసగం కొరుక్కుంటూ తింటుంటే చూసి, "నన్ను కన్నావా, నేలమీద దొరికానా?" అని నేను అమ్మతో గొడవపెట్టుకున్న రోజులున్నాయి. సగం వేళాకోళం, సగం నిజంగానే కుళ్ళు.

ప్రసన్న జాకెట్లు ఎప్పుడూ నేనే కుట్టేదాన్ని. ఒకసారి కొలత సరిచూస్తుంటే, "ఎడమపక్క పట్టేత్తంది వొదినా, లోపల గట్టిగా ఏటో ఉంది" అంది. నేను వేలు పెట్టి చూశాను. శనగగింజ కాదు, ఉసిరికాయంత. మర్నాడే తమ్ముడు ఒక చిన్న నర్సింగ్‌హోముకి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు కొవ్వుగడ్డ, భయం లేదు అని చెప్పి తీసేశాడు. తీసిన గడ్డని పరీక్షకి పంపితే కొవ్వు కాదని తేలింది.

తరవాత పెద్దాసుపత్రిలో ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు. తీసినదాన్ని అంగుళం అంగుళం వెతికితే ఎక్కడా జబ్బు మిగల్లేదట. చంకలో గ్రంథులు కూడా శుభ్రంగా ఉన్నాయట. ఉన్నదంతా ఆ మొదటి ఉసిరికాయలోనే ఉండి, దాంతోనే వచ్చేసిందన్నమాట. ఆ మాట విని మేం మిఠాయి పంచలేదంతే.

అప్పుడు పెద్దాసుపత్రి డాక్టరమ్మ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టుకుని చెప్పింది. ఆవిడ బెంగాలీ, హిందీలో నిదానంగా మాట్లాడుతుంది.

"కేన్సర్ పేరు ఒకటేగానీ లోపల రకాలు వేరు. ఆ కణాల్లో ఏ ప్రొటీన్లు ఉన్నాయో చూస్తేగానీ మందు తేల్చలేం. కొన్నిటికి హార్మోన్‌ని పట్టుకునే ప్రొటీన్ ఉంటుంది, వాటికి రోజూ మాత్ర వేసుకుంటే సరిపోతుంది. కొన్నిటికి పైన హెర్ టూ అనే ప్రొటీన్ కిక్కిరిసి ఉంటుంది. అవి మొండివి, తొందరగా పెరుగుతాయి, మళ్ళీ వస్తాయి. కానీ వాటికి మంచి ఇంజెక్షన్ ఉంది. సరిగ్గా ఆ ప్రొటీన్‌నే వెతుక్కుంటూ వెళ్ళి పట్టుకుంటుంది. అది లేనివాళ్ళకి ఇస్తే లాభం లేదు, గుండెకి చేటు."

"ఉందో లేదో ఎలా తెలుస్తాది మేడమ్?" అని నేనడిగాను.

"మొదట తీసిన గడ్డని మైనంలో పొదిగి దాచి ఉంటారు. దాన్నించి పలచటి పొర కోసి రంగు వేస్తారు. ఆ ప్రొటీన్ ఎక్కువుంటే ప్రతి కణం అంచూ గోధుమరంగులో కనిపిస్తుంది."

జాకెట్టు మెడ చుట్టూ పైపింగు వేసినట్టు అనుకున్నాను నేను. మా తమ్ముడికి వాడి లోకం వాడిది. "సమజ్ గయా మేడమ్. వేగన్ మీద సుద్దగుర్తు చూసే కదా మేం దాన్ని ఏ లైనుకి పంపాలో చెప్తాం" అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది. ప్రసన్న కూడా నవ్వింది. "ఆ మైనం ముక్కలు తెచ్చుకుని కలకత్తా పరీక్షకి ఇవ్వండి. జాగ్రత్త, ఇంక ఆవిడ ఒంట్లో చూడ్డానికి ఏమీ లేదు, అంతా వాటిలోనే ఉంది" అని చెప్పి పంపింది.

ఇంట్లో అమ్మకి ఇవేవీ చెప్పలేదు. గడ్డ తీసేశారు, పక్కనున్నది కూడా తీసేశారు, ఇంక మందులు వాడాలి అని మాత్రమే చెప్పాం. పెద్దావిణ్ణి కంగారు పెట్టడం ఎందుకని. మా ఇళ్ళలో పెద్దవాళ్ళకి జబ్బు పేరు చెప్పరు, మందు పేరు అసలే చెప్పరు.

తమ్ముడు నర్సింగ్‌హోముకి వెళ్ళి అడిగితే వాళ్ళు ఉన్నవన్నీ ఒక కవర్లో వేసి ఇచ్చేశారు. రెండు మైనం బిళ్ళలు, వాటితోపాటు గాజుపలకలు. బిళ్ళలు చూడ్డానికి పిల్లల చాక్లెట్టంత ఉంటాయి, ప్లాస్టిక్ చట్రంలో పాలిపోయిన మైనం, మధ్యలో గోధుమరంగు మరక లాంటి ముక్క. ఇంట్లో ఎక్కడ పెడితే ఎవరూ ముట్టుకోరా అని ఆలోచించి, వాడు ఆ కవరుని దేవుడి గూట్లో పైడితల్లి పటం వెనక పెట్టాడు. అంతకంటే భద్రమైన చోటు వాడికి తోచలేదు. ఆ గూడు రోజూ తుడిచేది అమ్మ.

"ఏటిరా అది?" అని అమ్మ అడిగిందట.

"ప్రసన్న గడ్డమ్మా. ఆసుపత్రోళ్ళు ఇచ్చీసినారు" అన్నాడట వీడు. అంతలో యార్డు నుంచి ఫోను వస్తే చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వాడు ఇంకొక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడి ఉంటే! కానీ వాడు ఎప్పుడు మాట్లాడాడు గనక.

మర్నాడు మధ్యాహ్నం నేను ప్రసన్న కోసం కుట్టిన కొత్త జాకెట్లు పట్టుకుని బాగ్‌బేరా వెళ్ళాను. ఎడమపక్క లోపల దూది పెట్టి, రెండు వైపులా సమంగా కనిపించేలా చాలా తంటాలుపడి కుట్టాను. గుమ్మంలోనే అమ్మ ఎదురొచ్చింది. తడి జుట్టు ముడేసుకుని, నుదుటిన పసుపు, మొహంలో ఒక వెలుగు. నాన్న చెయ్యి మానినప్పుడు అలా ఉండేది.

"రాయే పద్దూ. పాయసం ఒండినాను, తిను."

"ఏటి విశేషం?"

"కోడలి పీడ ఒదిలీసింది" అంది అమ్మ. ప్రసన్న మంచం మీద కూర్చుని ఉంది. దాని నుదుటిన కూడా పసుపు బొట్టు. ఏమీ అర్థంకానట్టు నవ్వుతోంది.

తమ్ముడు డ్యూటీ నుంచి వచ్చాడు. ఆ సాయంత్రం బండికే కలకత్తా వెళ్ళాలి. స్నానం చేసి, చొక్కా వేసుకుని, గూట్లో చెయ్యి పెట్టాడు. పటం జరిపాడు. మళ్ళీ జరిపాడు.

"అమ్మా, ఇక్కడి కవరు ఏదీ?"

"ఇంకెక్కడిదిరా? పొద్దున్నే ఎల్లి కలిపీసినాను."

"ఎక్కడ?"

"ఎక్కడేటి, నదిలోన. పసుపు రాసి, గుడ్డలో కట్టి, మీ నాన్న ఏళ్ళకి కట్టినట్టే రాయి కూడా కట్టినాను. ఇంక తిరిగి రాదు" అంది అమ్మ. ఆ మాట ఎంత ధీమాగా అందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఆసుపత్రోళ్ళు ఇచ్చీసినారంటే మరి అందుకే గదా ఇత్తారు? ఇంట్లో ఎట్టుకుంటారేటి, అదీ దేవుడి దగ్గిర! నీకు తెలివుందా?"

తమ్ముడి మొహంలో రక్తం లేదు. నాకు అర్థమైంది. "ఏం పని చేశావే..." అని నోరు తెరిచేలోపు నా చెయ్యి మీద ప్రసన్న చెయ్యి పడింది. గోళ్ళు దిగేలా పట్టుకుంది. దాని కళ్ళు నావైపు లేవు, అమ్మవైపు ఉన్నాయి.

"మంచిపని సేసినావత్తా" అంది ప్రసన్న.

తమ్ముడు బయటికి వెళ్ళాడు. నేను వెనకాలే పరిగెత్తాను. వెనకనుంచి అమ్మ, "నదికేనా? తలస్నానం సేసి రా, ఇంటోళ్ళంతా సెయ్యాలి" అని కేకేసింది.

శ్రావణమాసం. ఖర్కాయి ఎర్రగా, నిండుగా పోతోంది. అమ్మ ఎక్కడ దిగిందో చెప్పే ఆనవాలు గట్టుమీద పసుపు మరక ఒక్కటే. తమ్ముడు ప్యాంటుతోనే దిగిపోయాడు. మునుగుతాడు, చేతినిండా బురద తీస్తాడు, చూస్తాడు, పారేస్తాడు. గుడ్డలుతికేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఒకతను, "క్యా గిరా భాయ్? మొబైల్?" అని అడిగాడు. తమ్ముడు "హాఁ" అన్నాడు. పాపం అతను కూడా దిగి కాసేపు వెతికాడు. వాళ్ళకి మొలలోతులోనే కాళ్ళు నిలవడం లేదు. పైన ఎక్కడో వాన పడినట్టుంది, చూస్తుండగానే నీళ్ళు మరో మెట్టెక్కాయి. నేనే అరిచి వాణ్ణి బయటికి రప్పించాను. గట్టుమీద కూర్చుని వాడు ఏడ్చాడు. పెళ్ళయ్యాక వాడు ఏడవడం చూడటం అదే మొదలు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వాడి తల తుడవడానికి తువ్వాలుతో నిలబడి ఉంది. "బాగా మునిగినావా?" అని అడిగింది. వాడు తలూపాడు.

ప్రసన్న ఆ తరవాత మా ఇద్దర్నీ వంటింట్లోకి పిలిచి చెప్పింది.

"అత్తకి ఎవరూ సెప్పకండి. నా మీద ఒట్టు."

"ఎందుకు చెప్పకూడదు?" అన్నాను. "తను ఏం చేసిందో తనకి తెలియొద్దా?"

"తెలిత్తే అదే రాయి మెడకి కట్టుకుంటాది వొదినా. నాకు తెలుసు, నీకూ తెలుసు."

నాకూ తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను. నా నోరు మూయించిన మనిషి లోకంలో ప్రసన్న ఒక్కతే.

డాక్టరమ్మకి నీళ్ళలో పడిపోయిందని మాత్రం చెప్పాం. ఆవిడ తిట్టలేదు, చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చుంది. "కీమో ఇద్దాం. హార్మోన్ మాత్ర గుడ్డిగానైనా ఇస్తాను, దానివల్ల పెద్ద నష్టం లేదు. ఆ ఇంజెక్షన్ మాత్రం గుడ్డిగా ఇవ్వలేను. దేవుడి దయ ఉంటే దాని అవసరమే లేని రకం అయ్యుండొచ్చు" అంది. అయ్యుండొచ్చు. ఆ మాట పట్టుకుని మేం బతికాం.

కీమోకి ప్రసన్న జుట్టు ఊడిపోతుంటే అమ్మ దిండు మీద వెంట్రుకలన్నీ ఏరి, మూటగట్టి, అవి కూడా నదిలో కలిపి వచ్చేది. క్వార్టర్ల ఆడవాళ్ళందరికీ చెప్పేది, "మా కోడలి జబ్బు ఖర్కాయిలో కలిపీసినాను, మరి రాదు" అని. పక్కింటి పైడమ్మ పిన్ని కూతురికి పిత్తాశయంలో రాళ్ళు తీస్తే, ఆ రాళ్ళు కూడా అమ్మ చేతే కలిపించారు. అమ్మ ఆ పరపతి అనుభవిస్తుంటే చూడలేక నేను చాలా రోజులు ఆ ఇంటికి వెళ్ళడం తగ్గించాను. వెళ్ళినా, అమ్మ వడ్డించిన చారు నా గొంతు దిగేది కాదు. అమ్మేమో, "పద్దుకి నా మీద ఇంకా కుళ్ళు పోలేదు" అని నవ్వేది. ప్రసన్న కూడా నవ్వేది. ఆ పిల్ల నవ్వడం చూస్తే నాకు ఇంకా మండిపోయేది.

జుట్టు మళ్ళీ వచ్చింది, ఉంగరాలుగా. ప్రసన్న కొంచెం ఒళ్ళు చేసింది, నేను జాకెట్ల కుట్లు విప్పి వదులు చేశాను. వాళ్ళ కూతురు శ్వేత కాలేజీలో చేరింది. ఒక ఏడాది మంచిగా గడిచింది, ఇంకొకటీ గడిచింది. నా కోపం కూడా అరిగిపోతూ వచ్చింది. అమ్మే నిజం, నది నిజంగానే పట్టుకుపోయిందేమో అని ఒకసారి నాకే అనిపించింది.

తరవాత జాకెట్లు మళ్ళీ వదులయ్యాయి. ఈసారి నేను విప్పకుండానే.

అన్నం సయించడం లేదంది. కుడిపక్క డొక్కలో నొప్పంది. స్కాను తీస్తే కాలేయంలో మచ్చలు కనిపించాయి. డాక్టరమ్మ సూది గుచ్చి ఒక పీచంత ముక్క తీయించింది. "ఇదైనా జాగ్రత్తగా తీసుకెళ్ళండి" అంది తమ్ముడితో. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే ప్రాధేయపడింది.

ఈసారి తమ్ముడు మైనం బిళ్ళని దేవుణ్ణి నమ్మి పెట్టలేదు. తన స్టీలు టిఫిన్ డబ్బాలో దూది పరిచి, అందులో పెట్టి, మూత బిగించి, డ్యూటీ సంచిలో పెట్టుకున్నాడు. వాడికి తట్టనిది ఒకటే. డ్యూటీ సంచిలో టిఫిన్ డబ్బా కనిపిస్తే కడగడానికి తీయడం మా అమ్మకి పెళ్ళైనప్పటి నుంచి ఉన్న అలవాటు. ముందు మొగుడి డబ్బా, తరవాత కొడుకు డబ్బా.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. వంటింట్లోంచి అమ్మ అరచేతిలో ఆ బిళ్ళ పెట్టుకుని వచ్చింది.

"ఇదేటిరా, డబ్బాలోన..."

తమ్ముడు లేచి ఒక్క ఉదుటున వెళ్ళి దాన్ని లాక్కున్నాడు. "ముట్టుకోకమ్మా! ఇది కూడా పోతే దానికి మందే లేదు!" అని అరిచాడు. జన్మలో అమ్మ మీద గొంతెత్తనివాడు.

అరిచాక వాడికే తెలిసింది ఏమన్నాడో. లోపలిగదిలోంచి శ్వేత, "క్యా హువా పాపా?" అని తొంగిచూసి, మా మొహాలు చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

అమ్మ తన ఖాళీ అరచేతిని చూసుకుంటోంది. "ఇలాటిదే కదరా అది" అంది నెమ్మదిగా. "ఇలాటివే రెండు."

"అది వేరత్తా" అంది ప్రసన్న మంచం మీంచి, లేవడానికి ఓపిక లేకపోయినా లేచి కూర్చుని. "అది ఉత్త కొవ్వుగెడ్డ. ఇది వేరు."

అమ్మ మా ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా చూసింది. నేను తల తిప్పేసుకున్నాను. "ఊఁ" అంది. చెయ్యి చీరకి తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మేం ముగ్గురం స్టేషనుకి బయల్దేరుతుంటే అమ్మ అప్పటికే చీర మార్చుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఈమధ్య మోకాళ్ళ నొప్పులతో వీధి చివరికే వెళ్ళని మనిషి. "నానూ వత్తన్నాను. ఆ డబ్బా ఇటియ్యి" అంది. తమ్ముడు ప్రసన్న వైపు చూశాడు. ప్రసన్న తలూపింది. అమ్మ డబ్బాని కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఖరగ్‌పూర్ దాకా టీ కూడా తాగలేదు, డబ్బా కింద పెట్టాల్సి వస్తుందని.

ఖరగ్‌పూర్‌లో ప్రసన్న పుట్టింట్లో రిపోర్టు వచ్చేదాకా ఆగాం. తమ్ముడు, అమ్మ కలిసి వెళ్ళి ముక్కని కలకత్తా ఆసుపత్రిలో ఇచ్చి వచ్చారు. తీసుకున్నవాడు దాన్ని నీళ్ళలో పడేయకుండా చూసుకుంటాడో లేదోనని అమ్మ కౌంటరు దగ్గర నిలబడి, అతను లోపలికి పట్టుకెళ్ళేదాకా కదల్లేదట. రిపోర్టు వచ్చిన రోజు అందరం వెళ్ళాం. అక్కడి డాక్టరు కుర్రవాడు, ఓపికమంతుడు. రిపోర్టుతోపాటు ఉన్న ఫొటో చూపించి చెప్పాడు. ప్రతి కణం చుట్టూ ముదురు గోధుమరంగు గీత. నేను ఊహించుకున్న పైపింగే. అంత నీటుగా నేను కూడా వేయలేను.

"హెర్ టూ, త్రీ ప్లస్. అంటే బాగా ఎక్కువ. ఇంజెక్షన్ మొదలుపెడదాం. ఇప్పుడిది కాలేయం దాకా వచ్చేసింది కాబట్టి పూర్తిగా పోగొట్టలేం, కొంతకాలం ఆపగలం" అన్నాడు.

మేం లేవబోతుంటే అమ్మ కుర్చీలోంచి కదల్లేదు. ఈ పరీక్ష ముందే అయ్యుంటే ఏమయ్యేదని తన టాటానగర్ హిందీలో అడిగింది, "డాక్టర్ బాబూ, యే టెస్ట్ పహిలే హోతా తో?"

తమ్ముడు "అమ్మా, పద" అన్నాడు. డాక్టరుకి మా సంగతులు ఏం తెలుసు? నిజాయితీగా చెప్పాడు. మొదటి గడ్డలోనే చూసి ఉంటే అందులోనూ చాలావరకు ఇదే కనిపించి ఉండేది, అప్పుడే ఈ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే బహుశా తిరిగి వచ్చేది కాదు అన్నాడు. "పహిలేవాలా టెస్ట్ క్యోఁ నహీఁ హువా?" అని, అప్పుడెందుకు చేయించలేదని మావైపు తిరిగి అడిగాడు కూడా.

బయట బల్లమీద ప్రసన్న పక్కన అమ్మ కూర్చుంది. ఏడుస్తుందని నేను ఎదురుచూశాను. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న నా కోపం అప్పుడైనా తీరుతుందనుకున్నాను. అమ్మ ఏడవలేదు, నాకు కోపమూ తీరలేదు. ఆ ముసలి మెడ ఒంగిపోయింది, అంతే.

"నీకు ఎప్పుడు తెలుసమ్మీ?" అని ప్రసన్నని అడిగింది.

"ఆ రోజే తెలుసత్తా."

"మంచిపని సేసినావన్నావు."

"ఏటనమంటావు మరి?"

"తిట్టవలసింది. నన్ను గెంటీవలసింది. రెండేళ్ళు నా సేతి అన్నం తిన్నావు, నవ్వుతా తిన్నావు..."

"తిడితే ముక్క తిరిగొత్తాదేటి అత్తా? ముక్కా పోయి, నువ్వూ పోతే నాకేటి మిగుల్తాది?" అంది ప్రసన్న. అని, అమ్మ భుజం మీద తల వాల్చింది. తలకి మించిన బరువేదో మోసి మోసి దించుకున్నట్టు, అక్కడే కళ్ళు మూసుకుంది. అమ్మ దాని ఉంగరాల జుట్టు నిమురుతూ కూర్చుంది. కొత్త ఇంజెక్షన్ తోపాటు ఇచ్చే కీమోకి ఆ జుట్టు కూడా మళ్ళీ పోతుందని మాకు అప్పటికే చెప్పారు.

పరీక్ష అయిపోయాక మైనం బిళ్ళ తిరిగి ఇచ్చేశారు. మళ్ళీ అవసరం పడొచ్చు, దాచుకోండి అన్నారు. ఆ మాట అమ్మకి తమ్ముడు తెలుగులో చెప్పాడు. మొత్తం చెప్పాడు, ఒక్క మాట కూడా మింగకుండా. అమ్మ డబ్బా అందుకుని మూత బిగుతుగా ఉందో లేదో చూసుకుంది.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క అమ్మ, ఆ పక్కన ప్రసన్న, ఎదురుగా మేం. ఘాట్‌శిలా దాటింది. పొద్దు ఇంకా ఉంది. రైలు సువర్ణరేఖ వంతెన ఎక్కేసరికి పెట్టెలో జనం ఎప్పటిలాగే కిటికీల్లోంచి చిల్లర నాణేలు విసిరి దండాలు పెట్టుకుంటున్నారు. చిన్నప్పుడు ఈ వంతెన వస్తుంటే అమ్మ నన్నూ తమ్ముణ్ణీ నిద్రలేపి మా చేతుల్లో నాణెం పెట్టి విసిరించేది. మా ఖర్కాయి కూడా వచ్చి కలిసేది ఈ నదిలోనే. వంతెన మీద అమ్మ దండం పెట్టకపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

ప్రసన్న పర్సులోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి అమ్మ ముందు పెట్టింది. "ఎయ్యత్తా. దండం ఎట్టుకో" అంది.

అమ్మ కిటికీ వైపు తిరగలేదు. ఒళ్ళో డబ్బా చుట్టూ రెండు చేతులూ బిగించింది.

"వొద్దమ్మీ" అంది. "ఈ నదికి నానిచ్చింది సాలు."

ప్రసన్న రూపాయిని మళ్ళీ పర్సులో వేసుకుంది. వంతెన అయిపోయి, అవతలి గట్టు మీద పొలాలు వచ్చేదాకా అమ్మ ఆ డబ్బా మీంచి చేతులు తీయలేదు.